కషాయానికి కొలత: సోల నుండి అమెరికా కప్పు వరకు

ఔషధం ఎంత శ్రేష్ఠమైనదైనా కొలత తప్పితే గుణం తప్పుతుంది. మా కాకుమాను వంటి గుంటూరు జిల్లా గ్రామాల నుండి అమెరికా వెళ్ళి స్థిరపడినవారికి ఇంటి పెద్దలు ఫోనులో కషాయ విధానం చెబుతూ “సోలెడు నీళ్ళు, చెంచాడు పొడి” అంటారు. అక్కడి వంటింట్లో ఉండేవి కప్పులు, ఔన్సులు. “సోల అంటే ఎన్ని కప్పులు?” అని నన్ను అడిగేవారికి నేను చెప్పే సమాధానం ఒక్కటే: ముందు మిల్లీలీటర్లలోకి మార్చుకోండి.

నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఈ లెక్క స్థిరమైనదే గాని, సోల పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. కనుక మీ ఇంటి సోలను నీటితో నింపి ఆ నీటిని తూచండి. ఒక గ్రాము నీరు ఒక మిల్లీలీటరుకు సమానం.

అమెరికా కొలతలు ఇవి:

టీస్పూను – సుమారు 5 మి.లీ.
టేబుల్‌స్పూను – సుమారు 15 మి.లీ.
ద్రవ ఔన్సు – 29.57 మి.లీ.
కప్పు (8 ద్రవ ఔన్సులు) – 236.6 మి.లీ.
పింటు – 473 మి.లీ.
క్వార్టు – 946 మి.లీ.
గాలను – 3.785 లీటర్లు

బ్రిటిషు గాలను 4.546 లీటర్లు. ఈ రెంటినీ ఒకటిగా భావించరాదు.

ఇక కషాయం సంగతి. ఒక పలం ద్రవ్యానికి పదహారు రెట్లు నీరు పోసి, ఎనిమిదవ వంతు మిగిలే వరకు కాచాలని శార్ఙ్గధర సంహిత చెబుతుంది. భారత ప్రభుత్వ ఆయుర్వేద ఫార్ములరీ ప్రకారం పలం 48 గ్రాములు. అంటే నీరు 768 మి.లీ., అమెరికా కొలతలో సుమారు మూడుంబావు కప్పులు. మిగలవలసినది 96 మి.లీ., సుమారు మూడుంబావు ద్రవ ఔన్సులు. ఎనిమిదవ వంతుకు కాచడమనే నియమానికి మాత్రం ఏ మార్పిడీ అక్కరలేదు. ఏ పాత్రతో కొలిచినా ఎనిమిది పాళ్ళు ఒక పాలు కావాలి.

మూడు విషయాలలో జాగ్రత్త అవసరం. మొదటిది, ద్రవ ఔన్సు వేరు, తూకపు ఔన్సు వేరు. తూకపు ఔన్సు 28.35 గ్రాములు. రెండవది, పొడులను చెంచాతో గాక తూకంతోనే తీసుకోవాలి. ఒకే టీస్పూనులో తేనె సుమారు 7 గ్రాములు తూగితే, శొంఠి పొడి సుమారు 2 గ్రాములే తూగుతుంది. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: టేబుల్‌స్పూను టీస్పూనుకు మూడు రెట్లు. “ఒక చెంచా” అని మాత్రమే చెబితే పసిబిడ్డకు మూడింతల మందు పడవచ్చు.

కనుక దూరాన ఉన్న పిల్లలకు ఔషధ విధానం చెప్పేటప్పుడు ద్రవాలను మిల్లీలీటర్లలో, పొడులను గ్రాములలో వ్రాసి పంపండి. మోతాదును మాత్రం వైద్యుడే నిర్ణయించాలి. దానిని మిల్లీలీటర్ల గీతలున్న మందు కప్పుతోనో, సిరంజితోనో కొలిచి ఇవ్వడం క్షేమం.