కోరంగి దోనె – తారిణి నౌక



గత మాసమున తొమ్మిదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా ‘చుక్కాని’ యను పదము వచ్చినది. అర్థ మడిగితిని. తరగతి యంతయు మౌనము వహించినది. తుదకు వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, “కన్నడ పేపర్లో ‘అధికారద చుక్కాణి’ అని రాస్తారు కదా మాస్టారూ, కుర్చీ అనుకుంటా” అన్నది. అందరితో పాటు నేనును నవ్వితిని. కాని తప్పు ఆ బాలికది కాదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ సముద్రమునకు కడు దూరమున, దాదాపు మూడువేల అడుగుల యెత్తున నున్నది. మన పిల్లలు నిత్యము చూచు జలరాశి అగర చెరువు. ఓడను చూడనివారికి, ఓడ నడుపు తెడ్డువంటి పలక పేరు ఎట్లు తెలియును? కావున నేడు రెండు తెరచాప నౌకలను ప్రక్కప్రక్కన నిలిపి చూపదలచితిని. ఒకటి మన పెద్దల కాలపు దోనె; రెండవది నేటి తారిణి.

తెలుగు తీరమున నౌకాయానము నిన్నటిది కాదు. క్రీస్తు శకము రెండవ శతాబ్దపు సాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు. తరువాతి కాలమున గోదావరి ముఖము చెంతనున్న కోరంగి, ఓడలు కట్టుటకును బాగుచేయుటకును పేరువడసిన రేవు. ఆ రేవునుండి బర్మాకు తరలిపోయినవారు ఎందరో. అందుచే బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. పరదేశమున మనకు ఒక రేవు పేరే జాతి పేరైనది! 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు ఆ పట్టణమును ధ్వంసము చేసినవి. నేను రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో కోరంగి చూడబోయితిని. మడ అడవులు, బురద, కొంగలు కనబడినవి. రేవు జాడ కానరాలేదు.

కోరమాండల్ తీరపు దోనెను గూర్చి 1834లో జాన్ ఎడై అను ఆంగ్ల నౌకానిర్మాణాధికారి వ్రాసియున్నాడు. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12; అడుగు చదును; తెరచాప సామాన్యము. ఇది మిక్కిలి మోటు కట్టుబడి యని ఆయన తీర్పు. ఈ తీర్పుతో నేను ఏకీభవింపజాలను. గోదావరి ముఖమున ఇసుకమేటలు దినదినమును చోటు మార్చుచుండును. లోతైన అడుగు గల ఓడ అచ్చట ఇసుకలో దిగబడి ప్రక్కకు ఒరగిపోవును. చదును అడుగు గల దోనె పోటు తగ్గినప్పుడు ఇసుకపై కూర్చుండి, పోటు వచ్చినప్పుడు లేచి సాగిపోవును. ఆయన మోటుదనమన్నది అచ్చటి నీటికి తగిన నేర్పు.

అయితే ఈ చదును అడుగుతో ఒక చిక్కు కలదు. గాలి ప్రక్కనుండి వీచిన, దోనె నీటిపై ప్రక్కకు జారును. గాలికి ఎదురు పోవుట దానికి దుస్సాధ్యము. కనుకనే మన నావికులు ఋతువు కొఱకు వేచియుండెడివారు: నైరృతి గాలులతో తూర్పునకు, ఈశాన్య గాలులతో తిరిగి యింటికి.

తారిణి ఈ చిక్కును ఎట్లు తీర్చుకొన్నదో చూడుడు. ఇది గోవాలో నిర్మింపబడి, 2017 ఫిబ్రవరిలో నౌకాదళమున చేరినది. పొడవు 56 అడుగులు, అనగా మన దోనెకన్న పొట్టి! దాని తెరచాపకొయ్య మాత్రము 25 మీటర్ల యెత్తు. దాని మేనిలో నేటికిని కఱ్ఱ యున్నది. ఆ కఱ్ఱ పొరకు ఇరువైపుల గాజునార పూత కలదు. అడుగున బరువైన రెక్కవంటి భాగము నీటిలోనికి దిగియుండును. అది ఓడను ప్రక్కకు జారనీయదు, బోర్లపడనీయదు. తడి చింతగింజను రెండు వ్రేళ్లనడుమ నొక్కిన, అది ముందునకు చిమ్మును గదా? అట్లే ఒక ప్రక్క గాలి తెరచాపను, మఱియొక ప్రక్క నీరు ఆ రెక్కను నొక్కగా ఓడ ముందునకు పోవును. గాలికి తిన్నగా ఎదురు పోలేకున్నను, కుడికొకసారి, ఎడమకొకసారి ఏటవాలుగా నడచి ఎదురు దిక్కు చేరగలదు.

ఈ నౌకపై ఆరుగురు నౌకాదళ యువతులు 2017 సెప్టెంబరు 10న గోవా విడచి, భూగోళమును చుట్టి, 254 దినములకు, 2018 మే 21న తిరిగివచ్చిరి. దూరము 21,600 నాటికల్ మైళ్లకు పైమాట. నాయకురాలు వర్తికా జోషి. తక్కినవారిలో పాతర్లపల్లి స్వాతి విశాఖపట్టణపు బిడ్డ. బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు బాలిక. ప్రతిభా జామ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా మిగిలిన మువ్వురు. వీరిలో పలువురు సముద్రము లేని సీమలవారే. వర్తిక ఉత్తరాఖండ్ కొండలనుండి వచ్చినది. 2018 జనవరిలో వారు దక్షిణ అమెరికా కొనయగు హార్న్ అగ్రమును దాటిరి. అచ్చటి అలలు మన పాఠశాల మేడకన్న ఎత్తుగా లేచునని చెప్పుదురు. భూమధ్యరేఖకు దక్షిణమున ధ్రువ నక్షత్రము కనబడదు. మన దోనె నావికులు నమ్ముకొన్న ఆ చుక్క స్థానమున వీరికి ఉపగ్రహములు దారి చూపినవి.

యాత్ర ముగియవచ్చు తరుణమున ఏది చెడినదనుకొన్నారు? చుక్కానిని త్రిప్పు యంత్రభాగమే! మారిషస్‌లోని పోర్ట్ లూయిస్ రేవున ఆగి, దానిని బాగుచేసికొని ముందునకు సాగిరి. వెనుక బల్ల బాలికా, ఇప్పుడు చుక్కాని యననేమో చెప్పుము!

ఇక ఇంటిపని. రెండు పోకమట్టలతో రెండు చిన్న పడవలు చేయుడు. ఒకదాని అడుగు చదునుగా విడిచి, రెండవదాని అడుగున నిలువుగా ఒక రేకుముక్క గుచ్చుడు. రెంటికిని కాగితపు తెరచాపలు కట్టి, నీళ్ల తొట్టిలో నుంచి ప్రక్కనుండి విసనకఱ్ఱతో విసరుడు. ఏది ప్రక్కకు జారినదో, ఏది ముందునకు నడచినదో చూచి వ్రాసికొని రండు. తెరచాప, లంగరు, సరంగు, కళాసి – ఈ మాటలలో మీ అమ్మమ్మకు, తాతయ్యకు ఎన్ని తెలియునో, వారు వానిని ఎచ్చట వినిరో అడిగి, అదియు అదే పుటలో వ్రాయుడు.