అలుగు దారి తెలిసినవాళ్లు కావాలి

2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ పాతబస్తీ వైపు పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగాయి. కింద ఉన్న కాలనీలు మునిగాయి. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు చేరాలి. ఆ దారిలో ఇళ్లు లేస్తే నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. పల్లెలో ఏ రైతునడిగినా ఈ మాట చెబుతాడు. నగరాలు మరిచిపోయాయి. అందుకే పట్టణ పర్యావరణ నిర్వహణ తెలిసినవాళ్ల అవసరం ఇవాళ ఇంతగా ఉంది.

నాలాలు, చెరువులు, చెత్త, మురుగునీరు, గాలి అన్నీ ఈ పనిలోకే వస్తాయి. ఒక ఉదయం చెత్త ఆటో వెంట వెళ్లి చూడండి. ఇంట్లో తడి, పొడి విడివిడిగా వేసిన చెత్త చివరికి ఒకే కుప్పలో పడితే ఆ శ్రమంతా వృథా. కుళ్లిన కుప్ప అడుగు నుంచి నల్లటి నీరు కారుతుంది. లీచేట్ అంటారు దాన్ని. అది భూమిలోకి ఇంకితే చుట్టుపక్కల బోర్లు పాడవుతాయి. ఈ రంగంలోకి వస్తే, తప్పు ఏ మజిలీలో జరుగుతోందో పట్టుకుని సరిచేయడం మీ ఉద్యోగం.

ఇందుకు చదువు దారులు ఇవి. ఇంటర్‌లో మ్యాథ్స్ ఉంటే బి.ప్లానింగ్ కోసం జేఈఈ మెయిన్ పేపర్ 2బి రాయవచ్చు. విజయవాడలో 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ) మనకు దగ్గర. సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఎన్విరాన్‌మెంటల్ ఎం.టెక్ ఉంది. గేట్ పరీక్షలో 2021 నుంచి ఈ సబ్జెక్టుకు విడిగా పేపరే పెట్టారు.

మున్సిపాలిటీలు, కాలుష్య నియంత్రణ మండళ్ల ఉద్యోగ నోటిఫికేషన్ల కోసమే కూర్చోవద్దు, ఏళ్లు గడిచిపోతాయి. మురుగునీటి శుద్ధి ప్లాంట్లలో, కన్సల్టెన్సీల్లో చేరి పని నేర్చుకోండి. తొలి జీతం చిన్నదే కావచ్చు. ఆ అనుభవం మాత్రం ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

డిగ్రీతో పాటు మ్యాపులు చేయడం రావాలి. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ మీద ఇప్పటి ఉపగ్రహ చిత్రం పెట్టి చూస్తే మీ ఊళ్లో ఏ చెరువు ఎంత కుంచించుకుపోయిందో కళ్లకు కడుతుంది. ఆ మ్యాపు చేతిలో పట్టుకుని చెరువు అలుగు దగ్గర మొదలుపెట్టి, నీళ్లు చేరే చోటి దాకా నడవండి. ఎక్కడ కల్వర్టు పూడిందో, ఎక్కడ గోడ అడ్డొచ్చిందో గుర్తులు పెట్టుకోండి. రేపు ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మార్కుల మెమోతో పాటు ఆ మ్యాపు కూడా తీసుకెళ్లండి.