ప్రశ్నలు - జవాబులు: తక్‌పట్టీ వెనక రాసుకునే బతుకు

ప్రశ్న: ఈ ఏడాదిలో జరిగినవాటి మీదే ఏదైనా రాయాలని ఉంది. కానీ ఇల్లు, కాలేజీ బస్సు, ఎదురుగా మార్కెట్ తప్ప జీవితంలో ఏమీ లేదు. ఇది రచనకు సరిపోతుందా? (డిగ్రీ విద్యార్థి, ఎనుమాముల)

జవాబు: సరిపోతుంది. ఆసియాలో రెండో పెద్ద వ్యవసాయ మార్కెట్‌గా వరంగల్ ఎనుమాములకు పేరుంది. పత్తి, మిర్చి, పసుపు, మక్కలు ఇక్కడికి వస్తాయి. దసరా దాటాక యార్డు పత్తితో తెల్లబడుతుంది, ఫిబ్రవరి వచ్చేసరికి మిర్చితో ఎర్రబడుతుంది. చుట్టూ కోల్డ్ స్టోరేజీలు, లారీలు, చాయ్ బండ్లు. రాత్రి సరుకు తెచ్చిన రైతు బస్తాల మీదే నడుం వాల్చి పొద్దున వేలం పాట కోసం ఎదురుచూస్తాడు. ఇన్ని జీవితాలు ఒక్కచోట కలిసే స్థలం ఏ రచయితకూ సులభంగా దొరకదు. రోజూ కళ్ల ముందుండే చోటు కావడంతో అక్కడి పిల్లలకు అది కనిపించదు, అంతే.

యువరచయితలు పంపే రచనల్లో తరచుగా కనిపించే లోపం విషయం లేకపోవడం కాదు. విషయాన్ని చూడకముందే దాని మీద అభిప్రాయం రాసేయడం. ‘రైతు కన్నీరు’, ‘అన్నదాత గోడు’ అనే మాటలతో మొదలైన కథలో ఏ రైతూ ఉండడు. అదే రచయిత ఒక పూట యార్డులో నిలబడితే చాలు, రాయాల్సింది కళ్లబడుతుంది. ఖరీదుదారు బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు పైకి తీస్తాడు. పిడికిట్లో నొక్కి గలగల వింటాడు. ఒక కాయ చీల్చి గింజ చూస్తాడు, తాలు (రంగు తప్పిన కాయ) ఎంతుందో చూస్తాడు. ఇదంతా నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషంలో రైతు చూపు కాయ మీద ఉండదు, ఖరీదుదారు మొహం మీద ఉంటుంది. పొద్దున్నే జెండా పాటలో పలికిన పై ధర ఏ కొద్ది సరుకుకో దక్కుతుంది. మిగతా బస్తాల ధర తేమను బట్టి, రంగును బట్టి దిగుతూ పోతుంది. కాంటా అయ్యాక రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, హమాలీ కూలి, తూకం వేసే దడ్వాయి కూలి, మిగతా కోతలు, చివరికి చేతికొచ్చే మొత్తం అన్నీ అందులో ఉంటాయి. రైతు దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఒక ఇంటి ఏడాది బతుకు ఆ కాగితం మీద ఉంది. కథకుడు ముందు ఆ కాగితంలోని అంకెలు ఎక్కించుకోవాలి, ఆ తర్వాతే దాని మీద తన ఆలోచన రాయాలి.

రాయడానికి ఈ మధ్య వచ్చిన విషయం కూడా ఒకటుంది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటలా గుండ్రంగా, ముదురు ఎరుపుతో, తక్కువ కారంతో ఉండే ఈ కాయను టమాట మిర్చి అని కూడా అంటారు. పచ్చళ్లకు, రంగుకు దీన్ని అడుగుతారు. పత్రికలు ఆ వార్త వేశాయి. ఆ విత్తనాన్ని ఏడాదికేడాది దాచుకున్న ఇళ్ల కథ మాత్రం ఇంకా సాహిత్యంలోకి రావాల్సి ఉంది.

ప్రశ్న: డైరీ రాస్తే అది రచన అవుతుందా? చూసినదీ, అనుకున్నదీ కలగాపులగం అవుతున్నాయి. (గ్రూప్స్‌కు చదువుతున్న యువతి, వరంగల్)

జవాబు: తెలుగులో తొలి గొప్ప యాత్రా గ్రంథం రోజువారీ నమోదుల్లోంచే పుట్టింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. ఆ దారి హైదరాబాదు, నాగపూరు మీదుగా సాగింది. తిరుగుప్రయాణంలో కలకత్తా, జగన్నాథం చూశారు. ఎక్కడ ఎన్ని ఇళ్లున్నాయి, దారి ఎట్లా ఉంది, నీళ్లు, కట్టెలు, బియ్యం దొరుకుతాయా లేదా అన్నవి ఆయన ఏ రోజుకారోజు రాసుకున్నారు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపుతూ వచ్చారు. ఆ పిళ్ళె గారే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించారు. వీరాస్వామయ్య అప్పటికి రెండేళ్ల కిందటే కన్నుమూశారు. తరువాత 1941లో దిగవల్లి వేంకటశివరావు దాన్ని పరిష్కరించి మళ్లీ ప్రచురించారు.

ఈ పుస్తకం దాదాపు రెండు వందల ఏళ్లుగా చదివిస్తున్నదంటే కారణం స్పష్టం. వీరాస్వామయ్యకు మతం మీద, కులాల మీద, కుంపిణీ పాలన మీద బోలెడు అభిప్రాయాలున్నాయి. వాటిలో కొన్నింటితో నేటి పాఠకుడు ఏకీభవించలేడు. కానీ ఆయన చూసి రాసిన దారీ, ధరా, చెరువూ చెరగకుండా నిలిచాయి. చూసినదీ అనుకున్నదీ రెండూ కావాలి. అయితే వాటిని వేరుగా ఉంచితేనే పదేళ్ల తర్వాత రచయితకే పనికొస్తాయి. ఇందుకు నోటుబుక్కులో ఎడమ పేజీకి చూసినది, కుడి పేజీకి అనుకున్నది అని పంచుకోవడం మంచి పద్ధతి. తారీఖు, చోటు వేయకుండా ఏ పేజీనీ వదలకూడదు. కుడి పేజీ ఖాళీగా మిగిలినా నష్టం లేదు.

ప్రశ్న: ప్రయాణాల మీద రాయాలంటే హిమాలయాలకో, విదేశాలకో పోవాలి కదా! అంత డబ్బు లేదు.

జవాబు: దూరం వెళ్లి రాసిన మంచి పుస్తకాలు తెలుగులో ఉన్నాయి. నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ వాటిలో ఒకటి. అయితే నడకనే సాహిత్యం చేసుకున్న రచయితలు కూడా ఉన్నారు. విశాఖలో ఆచార్యులుగా పనిచేసిన ఎం. ఆదినారాయణ ‘భ్రమణ కాంక్ష’ కాలినడక పుస్తకం. ఆయనే సంకలనం చేసిన ‘తెలుగువారి ప్రయాణాలు’ తిరగేస్తే మన యాత్రా రచన ఎన్ని దారులు తొక్కిందో అర్థమవుతుంది.

ఎనుమాముల నుంచి ఒక్క పూట బస్సు ప్రయాణంలో పాలంపేట ఉంది. అక్కడ కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. నీటి మీద తేలే ఇటుకలు, నల్లరాతి మదనికలు, పునాది కింద ఇసుక ఇవన్నీ రాసినవాళ్లు చాలామంది. గుడికి దగ్గర్లోనే అదే కాలపు రామప్ప చెరువు ఉంది. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ చెరువు నీరు ఈ రోజుకీ వరి పొలాలకు పారుతోంది. తూము దగ్గర కూర్చుని ఆయకట్టు రైతుతో ఒక సాయంత్రం మాట్లాడితే, గుడి మీద వచ్చిన పది వ్యాసాల్లో లేనిది ఒకటైనా దొరుకుతుంది.

రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతర మరో ఉదాహరణ. 2024లో అది ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. మొక్కు ఉన్న మనిషిని కాంటాలో ఒక వైపు కూర్చోబెట్టి, రెండో వైపు నిలువెత్తు బంగారం పేరుస్తారు. ఎనుమాముల పిల్లలు కాంటాను పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. యార్డు కాంటా మీద రైతు పంట తూగుతుంది, జాతర కాంటా మీద ఆ రైతు బిడ్డ తూగుతుంది. ఈ రెండు తూకాలనూ పక్కపక్కన పెట్టి రాయడానికి అవసరమైన అనుభవం వాళ్లకున్నంతగా హైదరాబాదు నుంచి కారులో వచ్చి వెళ్లే రచయితకు ఉండదు.

ప్రశ్న: ఇంట్లో మాట్లాడే మాటల్లో రాస్తే ‘భాష బాగాలేదు’ అంటున్నారు. పుస్తకాల భాషలో రాస్తే అది మాది కాదనిపిస్తుంది.

జవాబు: ఈ గొడవను వరంగల్ ఎప్పుడో తేల్చింది. ఇక్కడి కవి కాళోజీ నారాయణరావు జీవితమంతా బడి నేర్పిన భాష కన్నా జనం పలుకుబడికే పెద్దపీట వేశారు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆయన. ఖలీల్ జిబ్రాన్ ‘ప్రాఫెట్’ను ‘జీవన గీత’గా తెలుగులోకి తెచ్చారు. అన్ని భాషలు తెలిసీ తన ఊరి పలుకునే ఎంచుకున్నారు కనుక ఆ ఎంపికకు బలం ఉంది. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

ఎనుమాముల పలుకుకు మరో సంపద ఉంది. అడ్తి, ఖరీదు, కాంటా, దడ్వాయి, తక్‌పట్టీ, హమాలీ, తాలు, బాకీ, జమ. వీటిలో సగం ఉర్దూ దారిన వచ్చినవి. వాటికి సంస్కృత సమాసాలు వెతికితే పాత్ర నోట్లో అవి ఇమడవు. అట్లాగని ప్రతి వాక్యంలో ‘గిట్ల’, ‘గట్ల’ కుక్కినా మాండలికం కాదు. ఒక పెద్దమనిషి బేరం ఆడేటప్పుడు ఏ మాట మింగాడో, ఏ మాట రెండుసార్లు అన్నాడో పట్టుకోవడమే అసలు పని. చెవికి పని చెప్పినవాళ్లకే ఆ భాష లొంగుతుంది. 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్న రమేశ్ కార్తీక్ నాయక్ తన కథల పుస్తకానికి ‘ఢావ్లో’ అని బంజారా మాటనే పేరుగా పెట్టారు. తండా మాట అట్టమీదికి ఎక్కినందుకు పుస్తకం వెనకబడలేదు.

ప్రశ్న: ఏం చదవాలి? ఫోనులో చదివింది గుర్తుండటం లేదు.

జవాబు: ముందు చుట్టుపక్కలవారిని చదవాలి. ఇది ప్రాంతాభిమానం కోసం చెప్పే మాట కాదు. తెలిసిన నేల సాహిత్యంగా ఎట్లా మారిందో చూస్తే, ఆ పని ఎట్లా చేస్తారో తెలుస్తుంది. పాలకుర్తి దగ్గరి వావిలాలలో పుట్టిన నవీన్ ఉస్మానియా హాస్టల్ విద్యార్థి జీవితంలోని ఒక్క రోజును తీసుకుని 1969లో ‘అంపశయ్య’ నవల వెలువరించారు. యుద్ధాలూ రాజులూ లేవు. మెస్సు బిల్లు, పరీక్ష, అప్పు, ఇల్లు, ప్రేమ, భయం ఇవే ఉన్నాయి. ఆ నవల పేరే ఆయన ఇంటిపేరైంది. ‘ఏమీ జరగని’ జీవితం రచనకు సరిపోతుందా అన్న మొదటి ప్రశ్నకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు.

కవి దాశరథి కృష్ణమాచార్య చిన్నగూడూరువారు. నాటి వరంగల్ జిల్లా ఊరు, నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నిజాం రాజ్యంలో జైలుకు పోయి, నిజామాబాదు జైలులో కాగితం లేక బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. అక్కడ ఆయనతో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలంగాణలో పుస్తకాలు పంచిన మనిషి. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ కవితా సంపుటిని దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. ఒకరు రాసినవారు, మరొకరు చదివించినవారు. ఆ అంకితం పేజీ దగ్గర కాసేపు ఆగితే, ఈ నేల మీద చదువరి విలువ ఎంతో తెలుస్తుంది. దాశరథి ‘యాత్రాస్మృతి’, ఆయన తమ్ముడు రంగాచార్య ‘జీవనయానం’, ‘చిల్లరదేవుళ్లు’ ఆ వెంటనే చదవదగినవి.

హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904 నుంచి ఉంది. తెలుగు చదవడమే ఒక పోరాటమైన రోజుల్లో పెట్టిన గ్రంథాలయం అది. ఫోను ఇంట్లో వదిలి, వారానికి ఒక పూట గ్రంథాలయంలో కూర్చుని, నచ్చిన పేరాను చేత్తో నోటుబుక్కులో దించుకోవాలి. చేత్తో రాసుకున్నది మరిచిపోవడం కష్టం.

ప్రశ్న: ఇంట్లో అప్పుల గురించి, నాన్న గురించి రాస్తే ఇంటి పరువు పోతుందని అమ్మ భయపడుతోంది.

జవాబు: ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. అప్పు ఎవరి దగ్గర, ఎంత అన్నది బయటపడితే దెబ్బ తగిలేది రచయితకు కాదు, రేపు మళ్లీ ఎరువు కోసం అదే గుమ్మం తొక్కాల్సిన తండ్రికి. పేరు, ఊరు, పంట మార్చి కథగా రాయడం ఒక దారి. పంట మారిస్తే దానితో పాటు కాలమూ, కూలీల పనీ మారతాయి కనుక ఆ వివరాలు సరిచూసుకోవాలి. అచ్చుకు పంపే ముందు ఇంట్లో చదివి వినిపించడం రెండో దారి. చదవడం రాని తల్లిదండ్రులు విని చెప్పే దిద్దుబాట్లు చాలాసార్లు సంపాదకుడి దిద్దుబాట్ల కన్నా సూటిగా ఉంటాయి. తల్లి వద్దంటే ఆ రచన కొన్నాళ్లు పెట్టెలోనే ఉండనివ్వాలి.

ప్రశ్న: యువ పురస్కారానికి వయసు దాటకముందే పుస్తకం తేవాలని మిత్రులు తొందరపెడుతున్నారు. తేవాలా?

జవాబు: కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం 2011లో మొదలైంది. 35 ఏళ్లు, ఆ లోపు వయసువారి పుస్తకాలకే ఇస్తారు. కొత్తవారికి అది మంచి ఊతం. అయితే ఆ గడువు పురస్కారానిది, రచనది కాదు. ముందు ఒక్కో కథనూ, వ్యాసాన్నీ పత్రికలకు పంపాలి, తిరిగొస్తే దిద్దాలి, అచ్చయినవాటిలో నిలిచేవి ఏవో రెండేళ్లు ఆగి చూసుకోవాలి. ‘అగ్నిధార’ నాటికి దాశరథికి 24 ఏళ్లు. కాళోజీ ‘నా గొడవ’ మొదటి సంపుటి 1953లో వచ్చింది, అప్పటికి ఆయనకు 35 ఎప్పుడో దాటాయి.