మెసేజ్ బ్రోకర్‌ను కోడ్‌తో నడిపేవారికి పది చిట్కాలు

ఉప్పల్ ఎన్‌ఎస్‌ఎల్ అరీనాలో నడిచే బిల్లింగ్ ప్రోగ్రాం కావచ్చు, నాచారం పారిశ్రామికవాడలో యంత్రం ఉష్ణోగ్రతను పంపే చిన్న పెట్టె కావచ్చు. అవతలివైపు సిద్ధంగా లేకపోతే పంపిన సందేశం గాల్లో కలిసిపోకూడదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాచ్‌మన్ పార్సిల్ తీసి పెట్టినట్టు, మధ్యలో మెసేజ్ బ్రోకర్ దాన్ని భద్రంగా ఉంచుతుంది. ఉప్పల్‌కు మెట్రో వచ్చిన 2017 నవంబరులోనే అమెజాన్ ఈ బ్రోకర్ల సేవను అమెజాన్ ఎంక్యూ పేరుతో మొదలుపెట్టింది. అందులో ముందు యాక్టివ్‌ఎంక్యూ రకం బ్రోకర్ ఒక్కటే ఉండేది, 2020లో ర్యాబిట్‌ఎంక్యూ కూడా చేరింది. పైథాన్‌లో బోటో3 లైబ్రరీ ఉంటే పదిహేను లైన్లలో బ్రోకర్ తయారు. చిక్కంతా ఆ తర్వాతే. అందుకే ఈ చిట్కాలు.

1. ఏ లైబ్రరీది ఏ పనో ముందే తెలుసుకోండి. బోటో3 బ్రోకర్‌ను సృష్టిస్తుంది, మారుస్తుంది, రీబూట్ చేస్తుంది, తొలగిస్తుంది. సందేశాలు పంపడం, అందుకోవడం దాని పని కాదు. ర్యాబిట్‌ఎంక్యూకైతే అందుకు పికా లాంటి లైబ్రరీ వేరే కావాలి. అమెజాన్ మరో క్యూ సేవ ఎస్‌క్యూఎస్ క్లయింట్‌లో ఉండే 'సెండ్ మెసేజ్' కోసం ఎంక్యూ క్లయింట్‌లో వెతక్కండి, దొరకదు.

2. రీజియన్‌ను కోడ్‌లో స్పష్టంగా రాయండి. ముంబయి ఏపీ-సౌత్-1, 2022 నవంబరులో తెరిచిన హైదరాబాద్ ఏపీ-సౌత్-2. హైదరాబాద్ రీజియన్‌ను అకౌంట్‌లో ముందుగా ఎనేబుల్ చేసుకుంటేనే పనిచేస్తుంది. మీకు కావలసిన ఇన్‌స్టెన్స్ రకం అక్కడ ఉందో లేదో 'డిస్క్రైబ్ బ్రోకర్ ఇన్‌స్టెన్స్ ఆప్షన్స్' కాల్‌తో చూసుకున్నాకే ముందుకెళ్లండి.

3. బ్రోకర్ పేరు చివర టైమ్‌స్టాంప్ తగిలించకండి. అలా చేస్తే స్క్రిప్ట్ నడిచిన ప్రతిసారీ కొత్త బ్రోకర్ లేస్తుంది, కొత్త బిల్లూ మొదలవుతుంది. పేరు ఒక్కటే ఉంటే రెండోసారి 'కాన్‌ఫ్లిక్ట్' ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ మీ మేలుకే. దాన్ని పట్టుకుని, ఉన్న బ్రోకర్‌నే వాడేలా రాయండి.

4. సృష్టించగానే కనెక్ట్ అవ్వాలని చూడకండి. బ్రోకర్ లేవడానికి పావుగంట దాకా పట్టొచ్చు. ముప్పై సెకన్లకోసారి 'డిస్క్రైబ్ బ్రోకర్' పిలిచి, స్థితి 'రన్నింగ్' అయ్యాకే ముందుకెళ్లండి. 'క్రియేషన్ ఫెయిల్డ్' వస్తే లూప్ ఆగాలి. అరగంట దాటినా ఆగాలి. లేకపోతే స్క్రిప్ట్ రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది.

5. పాస్‌వర్డ్ కోడ్‌లో ఉండకూడదు. కనీసం పన్నెండు అక్షరాలుండాలి. కామా, కోలన్, ఈక్వల్స్ గుర్తులు పెడితే ఒప్పుకోదు. దాన్ని సీక్రెట్స్ మేనేజర్‌లో దాచండి. క్లౌడ్‌లో నడిచే ప్రోగ్రాంకు యాక్సెస్ కీ బదులు ఐఏఎం రోల్ ఇవ్వండి. బ్రోకర్ పేరులోగానీ ట్యాగుల్లోగానీ రహస్యాలు పెట్టకండి, అవి లాగ్ ఫైళ్లలో కనిపిస్తాయి.

6. ఒంటి బ్రోకరా, జోడీయా అన్నది మొదట్లోనే తేల్చుకోండి. నేర్చుకోవడానికి సింగిల్ ఇన్‌స్టెన్స్ చాలు. కస్టమర్ల పని నడవాలంటే యాక్టివ్‌ఎంక్యూలో యాక్టివ్-స్టాండ్‌బై జోడీ, ర్యాబిట్‌ఎంక్యూలో మూడు నోడ్ల క్లస్టర్ తీసుకోండి. తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే 'అప్‌డేట్ బ్రోకర్'లో ఆ వెసులుబాటు లేదు. ఇంటర్నెట్‌కు తెరవాలా వద్దా అన్నదీ అంతే.

7. మెయింటెనెన్స్ వేళను మన గడియారంతో సరిచూసుకోండి. టైమ్‌జోన్ రాయకపోతే యూటీసీ అనుకుంటుంది. సోమవారం 22:00 అని పెడితే మనకది మంగళవారం తెల్లవారుజామున మూడున్నర, ఫర్వాలేదు. అదే 'తెల్లవారుజామున ఐదు' అనుకుని 05:00 అని పెట్టారా, మనకు ఉదయం పదిన్నర! ఆఫీసులో అందరూ పనిలో ఉండగా బ్రోకర్ రీబూట్ అవుతుంది. టైమ్‌జోన్ దగ్గర ఏషియా/కోల్‌కతా అని రాసేయండి.

8. కాన్ఫిగరేషన్ మార్చగానే పని అయిపోయిందనుకోకండి. మార్పు కొత్త రివిజన్‌గా నమోదవుతుంది, దాన్ని బ్రోకర్‌కు తగిలించాలి. అప్పటికీ రీబూట్ చేసేదాకా, లేదా మెయింటెనెన్స్ వేళ వచ్చేదాకా అది 'పెండింగ్'లోనే ఉంటుంది. యాక్టివ్‌ఎంక్యూలో కొత్త యూజర్‌ను చేర్చినా ఇదే వరస. ర్యాబిట్‌ఎంక్యూలోనైతే కొత్త యూజర్లను బోటో3తో చేర్చలేరు, దాని సొంత మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో చేర్చాలి.

9. కనెక్షన్ తెగుతుందనే లెక్కతోనే రాయండి. వేసవి గాలివానకు నాచారంలో కరెంటు పోయి రౌటర్ ఆగితే, తిరిగొచ్చాక ప్రోగ్రాం తనంతట తాను కలుసుకోవాలి. వెంటవెంటనే కాకుండా రెండు, నాలుగు, ఎనిమిది సెకన్లు అంటూ ఎడం పెంచుకుంటూ ప్రయత్నించాలి. పని పూర్తయ్యాకే సందేశం అందినట్టు 'అక్నాలెడ్జ్' చేయాలి. అసలు కనెక్షనే కుదరకపోతే ఆఫీసు ఫైర్‌వాల్ చూడండి. ఏఎంక్యూపీకి 5671, ఎంక్యూటీటీకి 8883 పోర్టులు తెరిచి ఉండాలి. తీసుకునేవాళ్లు లేక ర్యాబిట్‌ఎంక్యూలో సందేశాలు పేరుకుపోయి మెమరీ నిండితే, కొత్తవి పంపేవాళ్లను అది ఆపేస్తుంది. క్లౌడ్‌వాచ్‌లో సందేశాల సంఖ్యకు అలారం పెట్టుకోండి.

10. పనయ్యాక తీసేయండి. ఈసీ2 మెషిన్‌లా దీన్ని ఆపి ఉంచే వీల్లేదు. వాడినా వాడకపోయినా గంటల లెక్కన బిల్లు పడుతుంది. ప్రతి బ్రోకర్‌కూ ఎవరిది, ఎందుకు, ఎప్పటిదాకా అన్న ట్యాగులు పెట్టండి. శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు 'లిస్ట్ బ్రోకర్స్' నడపండి. ముంబయిలో అడిగితే వర్జీనియాలో ఉన్నది కనిపించదు కాబట్టి ప్రతి రీజియన్‌లో విడిగా అడగాలి. జవాబులో 'నెక్స్ట్ టోకెన్' వస్తే జాబితా ఇంకా ఉన్నట్టే. తొలగించేముందు క్యూలు ఖాళీ అయ్యాయో లేదో చూడండి. 'డిలీట్ బ్రోకర్' అన్నాక బ్రోకరూ రాదు, అందులోని సందేశాలూ రావు.

పదింటిలో ఒక్కటే గుర్తుంటుందంటే పదోది గుర్తుపెట్టుకోండి. బ్రోకర్‌ను సృష్టించే స్క్రిప్ట్ రాసిన రోజే, తొలగించే స్క్రిప్ట్ కూడా రాసి అదే ఫోల్డర్‌లో పెట్టండి.