మూడు బోర్డులు, ఒక కొత్త కార్డు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్ల రీడింగ్ రూమ్ అది. మూల బల్లమీద అరచేతిలో ఇమిడే రాస్‌బెరీ పై 3 బోర్డు. దానికి ఇంటర్నెట్ లేదు. కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా ఆఫ్‌లైన్ ప్రతి, పాత ప్రశ్నపత్రాలు అందులోనే ఉన్నాయి. పిల్లలు దాని వైఫైకి ఫోన్లు కలుపుకుని చదువుకుంటారు.

"అన్నా, ఏళ్లయింది. కొత్త ఓఎస్ ఎక్కించేద్దామా?" అన్నాడు రూమ్ నడిపే అతను.

కీబోర్డు ముట్టుకోకముందే కాగితం తీయమన్నాను. బోర్డు ఏం చేస్తోంది? ఆగితే ఎవరికి ఇబ్బంది? లోపలికి వచ్చే దారులు ఏమేం ఉన్నాయి? ఈ మూడోదే అసలు ప్రశ్న. ఇంటర్నెట్ లేకపోతే బయటి ప్రపంచంతో సంబంధం లేదనుకుంటాం. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వార్మ్‌ను ఇంటర్నెట్ లేని చోటికి కూడా పెన్‌డ్రైవ్‌లతో పాకేలా రాశారు. ఇక్కడైతే రోజూ పదుల ఫోన్లు కలుస్తున్నాయి. ఎవరి ఫోన్లో ఏముందో మనకెలా తెలుస్తుంది?

తరవాత ఓఎస్ వయసు చూశాం. అది 2019 నాటి డెబియన్ 10 ఆధారంగా తయారైంది. డెబియన్ దీర్ఘకాల మద్దతు కూడా 2024 జూన్ 30తో ముగిసింది. ఆ తరవాత బయటపడే లోపాలకు అక్కడి నుంచి మరమ్మతు రాదు. దారి తెరిచి ఉంది, గడియ పాతబడింది. అప్‌గ్రేడ్ చేయాల్సిందే.

నేను చూసుకునే బోర్డులు ఇంకో రెండున్నాయి. వాటికీ ఇదే ఓఎస్, తీర్పు మాత్రం వేరు. చిక్కడపల్లిలో ఒక అపార్ట్‌మెంట్ మీద నీళ్ల ట్యాంకు మట్టం చూసి మోటారు ఆపేది ఒకటి. దానికి వైఫై లేదు, పెన్‌డ్రైవ్ పెట్టేవాళ్లు లేరు. చిన్న పైథాన్ ప్రోగ్రాం, దానికి అతుక్కున్న పాత లైబ్రరీ. ఓఎస్ మారిస్తే ఆ లైబ్రరీ మొరాయించొచ్చు, ట్యాంకు పొంగొచ్చు. దాన్ని ముట్టుకోను. నారాయణగూడలో ఒక షాపు డిస్‌ప్లేకి వారం వారం పెన్‌డ్రైవ్‌లో బొమ్మలు వస్తాయి. అక్కడ బ్లూటూత్, వైఫై ఆపేసి, జిరాక్సు షాపుల్లో తిరిగే పెన్‌డ్రైవ్ బదులు ఆ పనికే ఒకటి కేటాయించాం. ప్రస్తుతానికి అది చాలు.

మళ్లీ అశోక్‌నగర్‌కి. ఓఎస్ ఉన్న పాత మెమరీ కార్డు మీదే అప్‌గ్రేడ్ నడపలేదు. పెద్ద వెర్షన్ మారేటప్పుడు కొత్తగా ఎక్కించుకోమనే రాస్‌బెరీ పై వాళ్లూ చెబుతారు. ముందు కార్డు మొత్తాన్నీ లాప్‌టాప్‌లోకి కాపీ తీశాను. ఓఎస్ మార్చినా మార్చకపోయినా ఈ పని తప్పదు, మెమరీ కార్డు చెప్పి పాడవదు. తరవాత కొత్త కార్డు మీద డెబియన్ 13 ఆధారిత ఓఎస్ రాశాను. నెట్ లేని బోర్డుకి మాటిమాటికీ ఈ పని చేయలేం గనుక, ఉన్నవాటిలో కొత్తదే నయం. ఆ కార్డును ఇంట్లో ఇంకో బోర్డులో పెట్టి, నెట్ కలిపి, అప్‌డేట్లూ కివిక్సూ దించుకున్నాను. వైఫై హాట్‌స్పాట్ సెట్టింగులు పాతవి పనికిరావు. డెబియన్ 12 ఆధారిత ఓఎస్ నుంచి ఆ వ్యవహారం నెట్‌వర్క్ మేనేజర్ చేతికి వెళ్లింది. మళ్లీ రాసుకోవాలి.

నన్ను సతాయించింది గడియారం. పై 3లో బ్యాటరీ గడియారం ఉండదు. నెట్ లేకపోతే కరెంటు పోయి వచ్చాక టైము వెనకబడుతుంది. అందుకే ఎప్పుడో డీఎస్3231 అనే చిన్న గడియారం బిళ్ల తగిలించాను. దానికో లైను కాన్ఫిగ్ ఫైల్లో ఉండాలి. అలవాటుగా బూట్ ఫోల్డర్లో ఫైలు తెరిస్తే, దీన్ని మార్చొద్దు, అసలు ఫైలు ఫర్మ్‌వేర్ ఫోల్డర్లోకి మారిందన్న హెచ్చరిక కనబడింది. అక్కడ లైను చేర్చాను. ప్లగ్ పీకి, టీ తాగొచ్చి, మళ్లీ పెట్టాను. టైము నిమిషం తేడా లేదు.

పరీక్ష దగ్గరున్న వారం కాకుండా, ఒక ఆదివారం పొద్దున రూమ్ తెరవకముందే కార్డు మార్చాం. నాలుగు ఫోన్లు కలిపి నాలుగు పేజీలు తెరిపించాం. పాత కార్డుని కాగితంలో చుట్టి, మీద తేదీ వేసి, బోర్డు డబ్బా మూతకి లోపలివైపు టేపుతో అంటించాం. ఏదైనా తేడా వస్తే అతను నాకు ఫోన్ చేయక్కర్లేదు, మూత తీసి కార్డు మార్చుకుంటే చాలు.