విడాకులు, మెహర్, మనోవర్తి: తెలిసికొనవలసిన కొన్ని విషయములు

నికాహ్ ఒక ఒప్పందము. పెద్దలు, సాక్షులు, ఖాజీ సమక్షమున వధూవరులు సమ్మతి తెలిపి సంతకములు చేయుదురు. ఆ సంతకముల పైన ఏమి వ్రాసియున్నదో చదువువారు మాత్రము అరుదు. కాపురము చక్కగా సాగినంతకాలము ఆ కాగితముతో పనిలేదు. దురదృష్టవశాత్తు అది విచ్ఛిన్నమైననాడు ఆడబిడ్డ చేతిలో మిగులునది తరచుగా ఆ కాగితమొక్కటే. కనుక విడాకుల వేళ ముస్లిం కుటుంబమునకు ఎదురగు న్యాయ, ఆర్థిక విషయములను మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

మెహర్

మెహర్ భార్యకు భర్త చెల్లింపవలసిన బాకీ. అది పూర్తిగా ఆమె సొత్తు. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని దానిపై హక్కు లేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము సైతము మెహర్‌ను కట్నముగా పరిగణింపలేదు. అడిగినపుడు చెల్లింపవలసినది ముఅజ్జల్. మరణముచే గాని విడాకులచే గాని వివాహము ముగిసినపుడు చెల్లింపవలసినది మువజ్జల్. ఉర్దూ లిపిలో ఈ రెండింటికి భేదము ఒక్క అక్షరమే. ఒకదానిలో ఐన్, రెండవదానిలో హమ్జాతో కూడిన వావ్. ఆ అక్షరమును బట్టియే సొమ్ము నేడు అడుగవచ్చునా, ఎన్నడో అడుగవలెనా అనునది తేలును. మువజ్జల్ మెహర్ కొరకు దావా వేయుటకు విడాకులైన నాటినుండి గడువు 3 సంవత్సరములు మాత్రమే.

మొత్తమును ఏ రూపమున వ్రాసిరనునదియు ముఖ్యమే. ఇందోరుకు చెందిన షాబానో బేగం వివాహము 1932లో జరిగినది. 1978లో న్యాయవాదియైన భర్త తలాఖ్ చెప్పి మెహర్ క్రింద 3,000 రూపాయలు కోర్టులో జమచేసెను. మనోవర్తిని మేజిస్ట్రేటు 1979లో నెలకు 25 రూపాయలుగా నిర్ణయింపగా, 1980లో మధ్యప్రదేశ్ హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలకు పెంచినది. లెక్క వేసి చూడుడు. 46 ఏండ్ల కాపురమునకు ముట్టిన మెహర్ ఆ స్వల్ప మనోవర్తి లెక్కన సైతము 17 నెలలకు చాలదు. సిక్కా రాయిజుల్ వఖ్త్, అనగా చెలామణిలోనున్న నాణెము, అని వ్రాసిన మొత్తము ఏండ్లు గడచుకొలది కరగిపోవును. తులముల బంగారముగా వ్రాసినచో ఆ నష్టము తగ్గును.

మనోవర్తి

షాబానోకు మనోవర్తి హక్కు కలదని 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తీవ్ర వివాదము చెలరేగగా 1986లో ముస్లిం మహిళల చట్టము వచ్చినది. భర్త బాధ్యత ఇద్దత్ కాలముతో తీరిపోవునని పలువురు దానికి అర్థము చెప్పిరి. 2001లో డేనియల్ లతీఫీ కేసున సుప్రీంకోర్టు ఆ సందేహమును తీర్చినది. ఇద్దత్ అనునది చెల్లింపునకు గడువు. చెల్లింపవలసినది మాత్రము ఆమె భావిజీవితమునకు చాలు న్యాయమైన ఏర్పాటు. తెలంగాణ నుండి వెళ్లిన అప్పీలులో, విడాకులు పొందిన ముస్లిం మహిళ క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 125వ సెక్షను క్రింద కూడ మనోవర్తి కోరవచ్చునని 2024 జులై 10న తీర్పు వెలువడినది. 2024 జులై 1 నుండి ఆ సెక్షను స్థానమున భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను అమలులోనికి వచ్చినది.

అయినను భర్త ఆదాయము తెలియనిదే మొత్తము నిర్ణయింపబడదు. భార్యకు భర్త జీతమెంతయో తెలియని ఇండ్లు మనలో ఎన్ని లేవు! అందుచే ఉభయులును తమ ఆస్తిపాస్తులు, అప్పులు, ఆదాయ వ్యయములు తెలుపు ప్రమాణపత్రము దాఖలు చేయవలెనని 2020లో సుప్రీంకోర్టు నిర్దేశించినది. దరఖాస్తు పెట్టిన తేదీ నుండియే మనోవర్తి చెల్లింపవలెననియు అదే తీర్పు చెప్పినది. కాబట్టి పంచాయితీల పేర నెలలు గడుపుట ఆమెకే నష్టము.

జహేజ్, సంతానము

పెండ్లికి ముందు గాని, పెండ్లినాడు గాని, తరువాత గాని బంధుమిత్రులు వధువునకిచ్చిన నగలు, సామాను విడాకుల పిమ్మట ఆమెకే చెందునని 1986 చట్టము పలుకుచున్నది. కాని ఇచ్చినదానికి రుజువేది? వధూవరులకు వచ్చిన కానుకల జాబితా వ్రాసి సంతకములతో భద్రపరచవలెనని 1985 నియమములు విధించినవి. ఆచరించువారు బహు కొద్దిమంది.

ఖులా కోరు స్త్రీ తరచుగా మెహర్ వదలుకొనును. విముక్తి కొరకు తొందరపడి, బిడ్డల ఖర్చు కూడ అడుగనని సంతకము చేయునట్టి వారును కలరు. పోషణ బిడ్డల హక్కు. తల్లి సంతకముతో అది పోదు. మైనరు సంతానము మనోవర్తి హక్కునకు 1986 చట్టము అడ్డురాదని 1997లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

వకీలు ఫీజునకు భయపడి ఇంట కూర్చొనవలసిన పనిలేదు. 1987 చట్టము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీలకు ఉచిత న్యాయ సహాయము లభించును. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు వ్రాసియిచ్చిన చాలును.

చట్టము హక్కు నిచ్చును. దానిని నిలబెట్టునది వ్రాత. ఆ వ్రాత కలహము వచ్చినపుడు పుట్టదు, శుభకార్యమునాడే పుట్టవలెను. ఆనాడు మెహర్ సంగతి, జాబితా సంగతి ఎత్తుట అమంగళమని పెద్దలు నోరు మూయించుచున్నారు. బాకీని స్పష్టముగా వ్రాసికొనుట అపనమ్మకము కాదు. రుణ వ్యవహారమును వ్రాసికొనుమని మన ధర్మమే ఆదేశించుచున్నది. మా కళాశాల ఉర్దూ, తెలుగు తరగతులలో ఏటా ఒక్కమారైనను నికాహ్‌నామా నమూనాను చదివించు ఏర్పాటు చేయుడని కార్యవర్గమును కోరుచున్నాము. పట్టా పుచ్చుకొని వెళ్లు విద్యార్థి తాను సంతకము పెట్టబోవు కాగితమును చదువలేకపోయినచో, మేము చెప్పిన చదువునకు సార్థకత ఏమున్నది?