మూడో పేజీ కూడా చదువు

హోప్ టౌన్,
దక్షిణ అండమాన్.

అమ్మడూ,

నువ్వు పంపిన మూడు సీట్ల కాగితాలూ చదివాను. విశాఖలో నీ హాస్టల్ పిల్లలందరూ ఒకటే అంటున్నారన్నావు, ఫ్రీగా వస్తుంటే ఇంకా ఆలోచనేంటని. ఇక్కడ జెట్టీ దగ్గరా అదే మాట. మీ నాన్న డోంగీ పడవ ఇంజను విప్పుకుని కూర్చుంటే, వచ్చినవాడల్లా ‘పాపకి ఫుల్ స్కాలర్‌షిప్పంట కదా’ అని పలకరించిపోతున్నాడు. ఆయన సంతోషం చూస్తే ఈ ఉత్తరం రాయబుద్ధి కాలేదు. కానీ ఉద్యోగమంతా బ్యాంకులో చదువు అప్పుల కాగితాలు తిరగేసినవాణ్ణి. అలవాటు పోదు కదా, మొదటి పేజీ కన్నా చివరి పేజీలే ముందు చూస్తాను.

ముందు ఆ ఫ్రీ సీటు. మొదటి పేజీలో పెద్దక్షరాలతో నూరు శాతం మాఫీ అని వేశారు. దేని మీద? ట్యూషన్ ఫీజు మీద. హాస్టలు, మెస్సు, పరీక్ష ఫీజు, ‘ఇతరములు’ అన్నీ విడిగా కట్టాలి. చివర్లో ఉన్న పట్టికలో వాళ్లే వేసిన అంకెలు కూడితే ఏడాదికి లక్షా ఇరవై వేలు తేలింది. నాలుగేళ్లకు 4.8 లక్షలు. మీ నాన్న ‘ఫ్రీ’ అని జెట్టీలో చెప్పుకుంటున్న సీటు ఖరీదు ఇదీ.

ఇక మూడో పేజీ. ఏటా సీజీపీఏ 8.5కి తగ్గకూడదు, ఒక్క సబ్జెక్టు కూడా తప్పకూడదు. తగ్గితే మరుసటి ఏడాది నుంచి పూర్తి ఫీజు, ఏడాదికి మూడు లక్షలు. మళ్లీ మార్కులు తెచ్చుకున్నా మాఫీ తిరిగి రాదని కూడా చిన్నక్షరాల్లో ఉంది. ఇల్లు వదిలి, సముద్రం దాటి, కొత్త ఊళ్లో మొదటి ఏడాది చదివే పిల్లకు ఒక సెమిస్టర్ తేడా రావడం వింతేమీ కాదు. వస్తే మిగిలిన మూడేళ్లకు తొమ్మిది లక్షలు. ఆ డబ్బుకి అప్పటికి ఏ బ్యాంకూ శాంక్షన్ ఇచ్చి ఉండదు. మధ్యలో మానేసీ రాలేవు, కట్టనూ లేవు. నీ తెలివి మీద నాకు అనుమానం లేదమ్మా. జ్వరం మీద, గ్రేడింగ్ మీద, మొదటి ఏడాది లెక్కల పేపరు మీద అనుమానం.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఇలాంటిదే ఒకటి పెట్టింది, ఆడమ్స్ స్కాలర్‌షిప్ అని. మంచి మార్కులొచ్చిన పిల్లలకు రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ మాఫీ. తీరా చూస్తే ఆ కాలేజీల్లో ట్యూషన్ అన్న పేరు మీద వసూలు చేసేది కొంచెమే, అసలు బరువంతా ‘ఫీజులు’ అనే వేరే పద్దులో ఉండేది. అయినా ఉచితం అన్న మాటకి లొంగి చాలామంది తమ స్థాయికి తగిన మెరుగైన కాలేజీలు వదులుకుని అక్కడికే వెళ్లారు. సారా కోహోడ్స్, జాషువా గుడ్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలించి 2014లో రాశారు. ఆ స్కాలర్‌షిప్ లాగిన పిల్లల్లో డిగ్రీ పూర్తి చేసినవాళ్ల శాతం పెరగకపోగా తగ్గింది. కాలేజీ మంచిదైతే పిల్లలు గట్టెక్కుతారు, అక్కడ టీచర్లు, వనరులు, పక్కన కూర్చునేవాళ్లు అలా ఉంటారు. మిగిలిన కొంచెం డబ్బు ఆ తేడాని పూడ్చలేకపోయింది.

ఇప్పుడు నీకొచ్చిన కారైకాల్ ఎన్ఐటీ సీటు. ట్యూషన్ సెమిస్టరుకి 62,500 అని చూసి మీ అమ్మ ‘మనవల్ల కాదన్నయ్యా’ అనేసింది. అది గోడ మీద రాసిన ధర. ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే ఎన్ఐటీల్లో ట్యూషన్ మొత్తం మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల లోపు అయితే మూడింట రెండు వంతులు మాఫీ. మీ నాన్న సంపాదన ఈ రెండో తరగతిలోకి వస్తుంది. అంటే ఏడాదికి లక్షా పాతికవేలు కాదు, 41,667 రూపాయలు. హాస్టలు, మెస్సు, మిగతావి కలిపి ఇంకో లక్ష వేసుకో. నాలుగేళ్లకు 5.67 లక్షలు. ఆ ఫ్రీ సీటు 4.8 లక్షలు కదా. రెంటికీ తేడా నాలుగేళ్ల మొత్తం మీద లక్ష కూడా లేదు! పైగా ఈ మాఫీ ఆదాయం చూసి ఇచ్చేది. సీజీపీఏ ఎనిమిదికి పడినా ఎవరూ లాక్కోరు.

అప్పు సంగతి కూడా వినేయ్. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం తెలిపింది. ఎంపిక చేసిన మంచి విద్యాసంస్థల్లో సీటొచ్చిన పిల్లలకు హామీదారు, తాకట్టు అడక్కుండా అప్పివ్వాలి, 7.5 లక్షల వరకూ అయితే 75 శాతానికి ప్రభుత్వమే గ్యారంటీ. ఇక 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు సాంకేతిక, వృత్తి కోర్సులు చదువుతుంటే, చదివే కాలానికీ ఆ తరవాత ఒక ఏడాదికీ వడ్డీ మొత్తం కేంద్రం కట్టే పథకం ముందు నుంచే ఉంది. మీ నాన్న ఆదాయం ఆ 4.5 లక్షల లోపు తేలి, నువ్వు ఐదు లక్షలు తీసుకున్నావనుకో, ఉద్యోగంలో చేరేనాటికీ అది ఐదు లక్షలే. పది శాతం వడ్డీకి పదేళ్లు కడితే నెలకి సుమారు 6,600. మొదటి జీతంలోంచి ఇంటికి కాస్త పంపుకుంటూ కూడా తీర్చగలిగిన అప్పు ఇది.

మూడో కాగితం, ఆ పేరుమోసిన ప్రైవేటు యూనివర్సిటీ. నీ మనసు అటే లాగుతోందని తెలుసు, ఆ క్యాంపస్ ఫోటోలు నాకు కూడా పంపావు. నాలుగేళ్లకు పాతిక లక్షలు. అదే పది శాతం వేసి చూశాను. ఏటా 6.25 లక్షల చొప్పున తీసుకుంటే, వాయిదాలు మొదలయ్యే నాటికి బారువడ్డీయే 8.75 లక్షలు, మొత్తం 33.75 లక్షలు. పదిహేనేళ్లు పెట్టుకున్నా నెలకి 36 వేలు. నీకు ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చేదాకా. ఆ జీతం రాకపోతే? పై చదువు చదవాలనిపిస్తే? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే? ఆ యూనివర్సిటీ విద్యాలక్ష్మి జాబితాలో లేకపోతే, అంత అప్పుకి బ్యాంకు తాకట్టు అడుగుతుంది. మన దీవుల్లో 1966 రెగ్యులేషన్ ప్రకారం భూమంతా ప్రభుత్వానిది, మన చేతిలో ఉన్నది అనుభవించే హక్కు. మెయిన్‌లాండ్‌లో రైతు ఎకరం కాగితం పట్టుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టినట్టు మనం అంత సులువుగా పెట్టలేం. తాకట్టంటే ఇక మీ అమ్మ బంగారమే మిగులుతుంది. నన్నడిగితే ఈ కాగితం పక్కన పెట్టెయ్. దీని మీద ఇంకో పేరా రాయను.

కాలేజీ పేరు అసలు పనికొస్తుందా అని అడిగావు. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అని ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు 1976లో కాలేజీలో చేరినవాళ్లను తీసుకుని 2002లో ఒక పరిశోధన అచ్చేశారు. గొప్ప కాలేజీలో సీటొచ్చినా మామూలు కాలేజీకి వెళ్లినవాళ్ల సంపాదన, ఆ గొప్ప కాలేజీకే వెళ్లినవాళ్ల సంపాదన దాదాపు ఒకటేనని తేలింది. సత్తా పిల్లల్లో ఉంది, గేటు మీది బోర్డులో కాదన్నమాట. ఈ ముక్క పత్రికల్లో బాగా తిరిగింది. దాని పక్కనే ఉన్న రెండో ముక్క తక్కువమంది చదివారు. పేద ఇళ్ల పిల్లలకు మాత్రం గొప్ప కాలేజీ వల్ల నిజంగా లాభం కనిపించింది. ఎందుకో నాకు అర్థమైనట్టు చెప్తాను. హోప్ టౌన్ అంటే బయట ఎవరికి తెలుసు? తెలిస్తే, 1872 ఫిబ్రవరిలో మౌంట్ హారియట్ దిగి వస్తున్న వైస్రాయి లార్డ్ మేయోని షేర్ అలీ పొడిచి చంపిన చోటని చరిత్ర మాస్టార్లకు తెలుసు. ఉన్నవాళ్ల పిల్లలకు ఇంటర్న్‌షిప్ ఇప్పించే బాబాయిలు, ఫోన్ చేసి ఒక మాట చెప్పే అత్తయ్యలు ఉంటారు. నీకున్న మావయ్య రిటైరైపోయి చేపలు పట్టుకుంటున్నాడు. కాలేజీ సీనియర్లే నీకు ఆ బాబాయిలు కావాలి. అందుకని పేరు విషయంలో ‘అదంతా భ్రమ’ అనే మాట నీలాంటి పిల్లకి నేను చెప్పను.

అలాగని ఎన్ఐటీ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మనవాళ్లు ఎన్ఐటీ అనగానే 1959 నాటి వరంగల్‌ని తలుచుకుంటారు. కారైకాల్‌ది 2010లో మొదలైన కొత్త సంస్థ. అరవై ఏళ్ల పూర్వ విద్యార్థుల దండు అక్కడ ఉండదు. కాబట్టి పేరుకి ఎంత మార్కులు వేయాలో అంతే వేసి, బ్రాంచి చూడు. అక్కడ మెకానికల్ ఇచ్చారు, ఫ్రీ సీటు కంప్యూటర్ సైన్స్. చిన్నప్పటి నుంచి మీ నాన్న పక్కన కూర్చుని, ఇంజెక్టర్ నాజిల్ ఊడదీసి డీజిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, వెలుగుకి పెట్టి ఒంటి కన్నుతో చూసేదానివి. గాస్కెట్ పోయిందని చప్పుడు విని చెప్పేదానివి. కంప్యూటర్ మీద నీకు అంత ఇష్టం ఉందా, లేక అందరూ అదే తీసుకుంటున్నారనా? ఇది నాకు తెలియదు, నీకే తెలుసు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫిలాసఫీ ఎందుకు తీసుకున్నారో తెలుసా? మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఉండగా, డిగ్రీ అయిపోయిన బంధువొకరు తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చేశారు. కొనక్కర్లేదు కదా అని అదే తీసుకున్నారు. స్కాలర్‌షిప్పుల మీద చదివిన మనిషి. చేతికి ఊరికే వచ్చిందే చదివి అంతటివాడయ్యాడని మీ నాన్న పక్షం వాళ్లు ఈ కథ చెప్తారు.

ఖర్చైనా వెళ్లమనే అటు పక్షం వాళ్లకి యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. స్కాలర్‌షిప్ లేదు. మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం, అక్కడికెళ్లాక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్లేలు తీసే పని. ఆ మనిషే సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ని, తరవాత ఏటీపీని వెలికితీశారు. ‘చూశావా, ధైర్యం చేస్తే ఎక్కడికెళ్లాడో’ అంటారు. మూడేళ్లలో వస్తానని భార్యకి చెప్పి వెళ్లినాయన మళ్లీ రాలేదు. పుట్టిన కొడుకుని చూడలేదు, వాడు పసితనంలోనే పోయాడు. 1948లో ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. ఆ కథ చెప్పేవాళ్లు ఈ ముక్క దగ్గర ఆగరు.

రెండూ గెలిచినవాళ్ల కథలే అమ్మడూ. ఫ్రీ పుస్తకాలతో ఇష్టం లేని సబ్జెక్టులో చిక్కుకుపోయినవాళ్ల గురించీ, అప్పు చేసి వెళ్లి మధ్యలో వెనక్కొచ్చినవాళ్ల గురించీ ఎవరూ పుస్తకాలు రాయరు. బ్యాంకులో వాళ్ల ఫైళ్లు మాత్రం ఉంటాయి. అందుకే నేను కథల కన్నా కూడికలని నమ్ముతాను.

లెక్కలో ఇంకొకటి కలుపు: రాకపోకలు. నీ ఐలాండర్ కార్డు చెల్లుబాటులో ఉందో లేదో చూసుకో, ఓడ టికెట్టు మనకి చవగ్గా వచ్చేది దానితోనే. చెన్నై నుంచి ఓడకి దాదాపు మూడు రోజులు. పది రోజుల సెలవులకి ఆరు రోజులు సముద్రం మీదే పోతాయి. విమానమంటే ఒక్కో రాకపోకకి మెస్సు బిల్లు రెండు మూడు నెలలది ఎగిరిపోతుంది. ఏడాదికి ఒక్కసారే ఇంటికి రాగలవనుకుని బడ్జెట్ వేయి. అలా అనుకుంటే బెంగగా ఉందా? ఉంటే అది కూడా చెప్పు, సిగ్గేమీ లేదు. మన పాత పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం పక్కన పహాడ్‌గావ్‌లో అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, బంబూ ఫ్లాట్‌లో ఫెర్రీ ఎక్కితే చాథమ్, అక్కణ్ణుంచి బస్సు. ఇంటి అన్నం తింటూ ఇంజనీరింగ్ చేసినవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. దాన్ని నీ కాగితాల్లో లేదని కొట్టిపారేయకు.

నా ఓటు కారైకాల్‌కి. ఆ ఫ్రీ సీటువాళ్లు హాస్టలు, మెస్సు కూడా మాఫీ చేసి, ఆ 8.5ని ఏడున్నరకి దించుతామని రాసిస్తే, అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడదాం. చేస్తారని ఆశ పెట్టుకోవద్దు, అడగడంలో మాత్రం తప్పులేదు.

ఈ రాత్రికే వాళ్లకి మెయిల్ పెట్టు. పోయిన ఏడాది ఈ మాఫీతో చేరినవాళ్లు ఎంతమంది, వాళ్లలో రెండో ఏడాదికి మాఫీ నిలబెట్టుకున్నవాళ్లు ఎంతమంది? హాస్టల్ ఫీజు ఏటా ఎంత పెంచుతారు? జ్వరం వచ్చి పరీక్ష రాయలేకపోతే నిబంధన ఏమిటి? ఫోన్ చేసి తియ్యగా మాట్లాడతారు, ఆ మాటలు లెక్కలోకి రావు. రాతపూర్వకంగా ఇవ్వమను. మొదటి ప్రశ్నకి జవాబు రాకపోతే అదే జవాబనుకో.

ఆదాయం సర్టిఫికెట్ కోసం మీ నాన్నా నేనూ సోమవారం ఫెరార్‌గంజ్ తహసీల్ ఆఫీసుకి వెళ్తున్నాం. అది లేకపోతే మాఫీ లేదు, వడ్డీ రాయితీ లేదు. ఈలోగా నువ్వు ఎన్ఐటీ సీటు వదులుకుంటున్నట్టు ఎక్కడా క్లిక్ చేయకు. సీటు నిలబెట్టుకునే ఫీజు గడువు ఎప్పుడో, ఏ గంట వరకో నాకు రాసి పంపు, డబ్బు నేను వేస్తాను. పదో తరగతి, పన్నెండో తరగతి మార్కుల జాబితాలు, ఆధార్, పాన్ స్కాన్ చేసి ఒక్కో ఫైలు విడిగా పంపు, ఫోటోలు తీసి పంపితే బ్యాంకు పోర్టల్ తీసుకోదు. మీ నాన్న పేరు ఆధార్‌లో ఒకలా, నీ సర్టిఫికెట్‌లో ఒకలా ఉంది, అది నేను చూసుకుంటాను.

నీ
మావయ్య